వెలుగులో వంతు

వీధి వైపు నుంచి ఎండ కొట్టే సెలూన్లోకి ఎప్పుడైనా వెళ్తే గోడ చూడండి. రకరకాల క్రాపులతో వరసలు వరసలుగా మగవాళ్ల తలలున్న పోస్టరు ఒకటి ఉంటుంది. అందులో అందరి మొహాలూ నీలంగా ఉంటాయి. అచ్చయిన రోజున వాళ్లకూ మనలాంటి ఒంటిరంగే ఉండేది. ఎండ తగిలి తగిలి ముందు పసుపు పోయింది, ఎరుపు పోయింది, చివరికి నీలమూ నలుపూ మిగిలాయి. ఫొటో స్టూడియో బయట అద్దాల పెట్టెలో ఉన్న పెళ్లికూతురిదీ, మందుల షాపు తలుపు మీద అంటించిన పసిబిడ్డదీ అదే కథ. పోస్టరుకేముంది, చింపేసి కొత్తది అంటిస్తారు. లోకం మొత్తానికి ఒక్కటే ప్రతి ఉన్న బొమ్మకు ఇలా జరిగితే?

ఈ ప్రశ్న నాకు రాజమండ్రిలో, దామెర్ల రామారావు చిత్రశాలలో పుట్టింది. గోదావరి జిల్లాల వాళ్లకు ఆ పేరు కొత్త కాదు. 1897 మార్చి 8న రాజమండ్రిలో పుట్టిన చిత్రకారుడాయన. 1925 ఫిబ్రవరి 6న మశూచి తీసుకుపోయింది. ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. ఆయన చేతిలో ఉన్నదేమిటో ముందుగా గుర్తుపట్టినవాడు అక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే. ఆ దొర తానూ బొమ్మలు వేసేవాడు, రాసేవాడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు కూడా ఆయన శిష్యులే. ఒక్క మాస్టారు ఒక ఊరికి ఎంత చేయగలడో చెప్పడానికి కూల్డ్రే పేరు చాలు. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి వెళ్లి జె.జె. స్కూల్లో చిత్రలేఖనం చదివాడు. చదువు పూర్తి చేసుకుని, దేశం తిరిగి, సొంత ఊరికి వచ్చి, స్నేహితులను కూడగట్టి 1923లో చిత్రకళాశాల పెట్టాడు. రెండేళ్లు గడవకుండానే వెళ్లిపోయాడు. లెక్క చూస్తే చదువయ్యాక ఆ చేతికి దొరికిన కాలం ఐదేళ్లు. బెంగాలు వాళ్లకొక పద్ధతి ఉంది, బొంబాయి వాళ్లకొక పద్ధతి ఉంది, మరి తెలుగువాడి గీత ఎలా ఉండాలి అని వెతికిన ఐదేళ్లవి. సిద్ధార్థ రాగోదయం, పుష్పాలంకరణ, నందిపూజ, కృష్ణలీల, ఋష్యశృంగ బంధనం, అన్నీ అందులోనివే.

ఆయన పోయాక భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, స్నేహితుడు వరద వెంకటరత్నం, ఇంకా మిగతా మిత్రులూ శిష్యులూ ఆ పనిని నిలబెట్టుకోకపోతే మనకు ఈ చిత్రశాలే ఉండేది కాదు. వాళ్లు కాపాడి మన చేతిలో పెట్టిన దానిలో చాలా భాగం కాగితం మీది నీటిరంగులు. నా దిగులంతా వాటి గురించే.

నీటిరంగు ఎంత పల్చనో దగ్గర నుంచి చూస్తే గానీ తెలియదు. తైలవర్ణంలో రంగుపొడి నూనెలో మునిగి, ఎండి, మందపాటి పొరగా గట్టిపడుతుంది. వెలుగు పైపైన కొంత తీసుకున్నా లోపల ఇంకా ఉంటుంది. నీటిరంగులో నీళ్లు ఆరిపోయాక కాగితం పీచుల మీద మిగిలేది పుప్పొడంత రంగు. చెంప మీది గులాబీ ఛాయ కోసం చిత్రకారుడు ఎంత తక్కువ రంగు వాడితే బొమ్మ అంత సజీవంగా ఉంటుంది, వెలుగుకు అంత తొందరగా లొంగుతుంది. బొమ్మ అందమూ దాని ప్రాణభయమూ ఒకే చోట ఉన్నాయన్న మాట.

ఇది కొత్తగా తెలిసిన సంగతేమీ కాదు. 1880లలో ఇంగ్లండులో దీని మీద పెద్ద రగడే జరిగింది. మ్యూజియం గోడల మీద నీటిరంగు బొమ్మలు వెలిసిపోతున్నాయని కొందరు, అదంతా వట్టి భయమని కొందరు పత్రికలకెక్కారు. అప్పుడు రసెల్ అనే రసాయన శాస్త్రవేత్త, ఆబ్నీ అనే సైనికాధికారి కలిసి రంగులు పూసిన కాగితం ముక్కలను గాజు గొట్టాల్లో పెట్టి, నెలల తరబడి ఎండకు ఉంచి, 1888లో ప్రభుత్వానికి నివేదిక ఇచ్చారు. పురుగుల నుంచి తీసే కార్మైన్ ఎరుపు లాంటివి వేగంగా పోయాయి. పసుపు కావి, ఎర్రమన్ను లాంటి మట్టిరంగులు చెక్కు చెదరలేదు. అజంతా గోడల మీది బొమ్మలు పదిహేను వందల ఏళ్లు నిలిచాయంటే ఆ చిత్రకారులు వాడినవి ఎక్కువగా మట్టిరంగులు కావడం ఒక కారణం, గుహలో చీకటి ఇంకో కారణం. నివేదిక వచ్చాక వాదన ముగిసినట్టే. వెలుగు లేకుండా బొమ్మను చూడలేం. చూసిన ప్రతిసారీ వెలుగు దానిలోంచి కొంత తీసుకుపోతుంది.

కొన్నాళ్లు చీకట్లో పెడితే బొమ్మ కోలుకుంటుందని చాలామంది అనుకుంటారు. కోలుకోదు. పోయిన రంగు పోయినట్టే. రిటైరైన రోజున చేతికొచ్చిన డబ్బు లాంటిది ప్రతి బొమ్మకూ ఉన్న రంగు. మళ్లీ జమ పడేదేమీ ఉండదు, ఎంత మెల్లగా ఖర్చు పెట్టుకుంటామన్నదే మన చేతిలో ఉంది. నాకు తెలిసి దీనికి ఒక్కటే వింత మినహాయింపు, ప్రష్యన్ బ్లూ. వెలుగులో పాలిపోయిన ఆ నీలాన్ని తీసి చీకట్లో, గాలి తగిలేలా ఉంచితే మెల్లమెల్లగా తన రంగు మళ్లీ తెచ్చుకుంటుంది. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కానీ బొమ్మ మొత్తం ప్రష్యన్ బ్లూతో వేసుకోరు కదా.

అందుకే మ్యూజియం వాళ్లు వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. తైలవర్ణాలకు 200 లక్స్, నీటిరంగులకు 50 లక్స్ దాటకూడదని ప్రపంచమంతా చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. దానికి కాలం కూడా కలపాలి. చాలా సున్నితమైన రంగులున్న బొమ్మకు ఏడాది మొత్తానికి 15,000 లక్స్-గంటలకు మించి వెలుగు తగలకూడదని దీపాల శాస్త్రం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2004లో చెప్పింది. అంటే 50 లక్స్ వెలుగులో మూడు వందల గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున తెరిచి ఉంచితే ముప్పై ఏడు రోజులతో ఆ బొమ్మ ఏడాది సరిపోయింది. ఇక మిగిలిన కాలమంతా అది పెట్టెలో ఉండాలి.

ఈ లెక్కలేవీ పుట్టకముందే ఒకాయన మనసుతోనే దీన్ని తేల్చేశాడు. లండన్‌లో హెన్రీ వాన్ అని ఒక సేకరణకర్త. టోపీల వ్యాపారం చేసి గడించిన తండ్రి ఆస్తితో జీవితమంతా బొమ్మలు కొన్నాడు. కానిస్టబుల్ వేసిన 'హే వెయిన్' లండన్ నేషనల్ గ్యాలరీకి చేరింది ఈయన దానంగానే. 1899లో పోతూ తన దగ్గరున్న, టర్నర్ అనే చిత్రకారుడు వేసిన నీటిరంగు బొమ్మల్లో 38 ఎడింబరోకు, 31 డబ్లిన్‌కు రాసిచ్చాడు. ఒక షరతు పెట్టాడు. వాటిని ఏడాదికి ఒక్క జనవరి నెలలోనే చూపించాలి, డబ్బు తీసుకోకుండా చూపించాలి. జనవరే ఎందుకంటే అక్కడ ఏడాది మొత్తంలో వెలుగు అతి బలహీనంగా ఉండేది అప్పుడే. స్కాట్లండులో ఆ నెల మొదట్లో పొద్దున ఎనిమిదిన్నర దాటాక తెల్లవారి, సాయంత్రం నాలుగు కాకుండానే పొద్దుగూకుతుంది. ఇప్పుడు కిటికీలు మూసి, దీపాలు తగ్గించి ఏ నెలలో కావాలంటే ఆ నెలలో అదే వెలుగు తెచ్చుకోవచ్చు. అయినా వాళ్లు జనవరి మాట తప్పలేదు. నూట ఇరవై ఏళ్లు దాటినా తప్పలేదు.

2025 జనవరిలో ఇంకో మంచి పని చేశారు. టర్నర్ పుట్టి 250 ఏళ్లయిన సందర్భంగా రెండు ఊళ్లూ బొమ్మలు మార్చుకున్నాయి. డబ్లిన్ బొమ్మలు ఎడింబరోకు, ఎడింబరో బొమ్మలు డబ్లిన్‌కు వెళ్లాయి. ఎడింబరోలో ఉంటున్న మా మేనకోడలిని వెళ్లి చూడమని ప్రాణం తీశాను. చూసొచ్చిన రాత్రి ఫోన్ చేసింది.

"మావయ్యా, లోపలికి అడుగుపెట్టగానే ఏమీ కనపళ్లేదు. ఇంత చీకటేంటి అనుకున్నాను. రెండు నిమిషాలు నిలబడ్డాక ఒక్కో బొమ్మా బయటికి వచ్చింది."

"జనం ఉన్నారా?"

"చాలామంది ఉన్నారు. నా పక్కన ఒక పెద్దావిడ, ప్రతి జనవరికీ వస్తుందట. ఈ బొమ్మలు మాత్రం ఆవిడకీ కొత్తే."

ప్రతి జనవరికీ వస్తుందట అన్న మాట నన్ను పట్టుకుంది. రంగులను కాపాడటానికి పెట్టిన షరతు మనుషులకు ఒక అలవాటును ఇచ్చింది. పదకొండు నెలలు కనపడకపోవడం వల్లనే ఆ బొమ్మలు ఒక ఊరికి పండగయ్యాయి. ఏడాది పొడుగునా గోడకు వేలాడుతుంటే ఆవిడ ఇన్నిసార్లు వెళ్లేదా అన్నది నా అనుమానం. రేపు చూద్దాంలే అనుకునే వీలుంటే ఆ రేపు తరచూ రాదు.

జపాను వాళ్లు దీన్ని ఇంకొంచెం ముందుకు తీసుకువెళ్లారు. అతామి అనే చిన్న ఊళ్లో ఎం.ఓ.ఏ. మ్యూజియం ఉంది. ఒగాతా కోరిన్ మూడు వందల ఏళ్ల కిందట వేసిన ఎర్ర, తెల్ల పూల ప్లమ్ చెట్ల తెరలు వాళ్ల దగ్గరున్నాయి. వాటిని ఊళ్లో ప్లమ్ చెట్లు పూసే ఫిబ్రవరి రోజుల్లో బయటికి తీస్తారు. టోక్యోలోని నెజు మ్యూజియంలో అదే కోరిన్ వేసిన ఐరిస్ పూల తెరలున్నాయి. మ్యూజియం తోటలో ఐరిస్ పూసే ఏప్రిల్, మే నెలల్లో వాటిని పెడతారు. తోట చూసి లోపలికి, లోపల చూసి తోటకూ తిరుగుతారు జనం. నారా నగరంలో షోసోయిన్ అనే ఖజానా ఉంది. 756లో ఒక మహారాణి పోయిన భర్త వస్తువులను గుడికి సమర్పించడంతో మొదలైంది. అందులో సుమారు తొమ్మిది వేల వస్తువులున్నాయి. 1946 నుంచి శరత్కాలంలో కొద్ది రోజుల పాటు అరవై దాకా తీసి చూపిస్తారు. ఒకసారి చూపించినదాన్ని మళ్లీ పదేళ్ల దాకా సాధారణంగా బయటికి తియ్యరు. ఫలానా వస్తువు మళ్లీ ఎప్పుడు కనపడుతుందో అని జనం ఏళ్ల తరబడి ఎదురు చూస్తారు.

ఇవన్నీ చదువుతూ నేను ఆశ్చర్యపోవలసింది. పోలేదు. ఎందుకంటే వంతుల వారీగా చూడటం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. సింహాచలం అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖంలో అక్షయ తృతీయ నాడు ఒక్క రోజు నిజరూప దర్శనం. ఆ ఒక్క రోజు కోసం ఉత్తరాంధ్ర మొత్తం కొండెక్కుతుంది. మిగతా రోజుల్లో చందనాన్నే చూసి దణ్ణం పెట్టుకుని వచ్చిన వాళ్లెవరికీ ఏదో దాచారన్న బాధ ఉండదు. చేర్యాల నకాశీ పటం కథ చెప్పే రాత్రి విప్పుకుంటుంది. కథకుడు ఎంత మేర చెబితే అంత మేర విప్పి, కథ అయ్యాక చుట్టి పెట్టేస్తాడు. ఆ ఎరుపు నేల అంత నిండుగా ఉండటానికి చుట్టలో గడిపిన కాలం కూడా ఒక కారణమే అయి ఉంటుందని నా నమ్మకం.

అన్నిటికన్నా బొమ్మల కొలువు. మా వైపు సంక్రాంతికి పెట్టేవాళ్లు, కొందరిళ్లలో దసరాకు పెట్టేవాళ్లు. పండగకు ముందు అటక మీంచి ట్రంకు పెట్టె దించడమే ఒక సంబరం. పాత చీర ముక్కల్లో చుట్టిన బొమ్మలను ఒక్కొక్కటీ విప్పుతుంటే పిల్లలం చుట్టూ మూగేవాళ్లం. ఏ మూటలో ఏముందో తాకి చెప్పే పోటీ. కొండపల్లి అంబారీ ఏనుగు, తాడిచెట్టెక్కే గీతకార్మికుడు, ఏటికొప్పాక లక్కపిడతలు, చేయి విరిగి అతికించిన కృష్ణుడు. పోయిన ఏడు ఏ మెట్టు మీద ఉన్నదో గుర్తు పెట్టుకుని ఈ ఏడు ఎక్కడ పెట్టాలో పెద్దవాళ్లతో తగువు. కొత్త బొమ్మ ఒకటైనా చేరేది. పేరంటం అయ్యాక, ఒక బొమ్మను పడుకోబెట్టి, కొలువు ఎత్తేసి మళ్లీ అదే చీర ముక్కల్లో చుట్టేవాళ్లు. ఆ అంబారీ ఏనుగు ఏడాది పొడుగునా హాల్లో టీవీ పక్కన ఉండి ఉంటే నాకు దాని తొండం మీది చుక్కలు ఇప్పటికీ గుర్తుండేవా? ఏ బొమ్మ ఎవరి పక్కన నిలబడితే ఏ కథ అవుతుందో మా ఇళ్లలో ఆడవాళ్లు ఏటా మార్చి మార్చి చూసేవాళ్లు. దేశదేశాల్లో ప్రదర్శనలు కూర్చేవాళ్లు చేసే పని అదే, వాళ్లకు జీతాలుంటాయి.

చిత్రశాల మాత్రం మన దగ్గరికి కచేరీలాగా వచ్చింది. పదింటికి తెరవాలి, ఐదింటికి ముయ్యాలి, ఉన్నదంతా గోడ మీద ఉండాలి. రాతి బొమ్మలకు ఇది సరిపోతుంది. సాలార్‌జంగ్‌లోని ముసుగు రెబెక్కాకు, అమరావతి శిల్పాలకు వెలుగు వల్ల వచ్చే నష్టం ఏమీ లేదు. కాగితానికి సరిపోదు. ఒక ఊరి చిత్రశాలకు ఏడాది అంటే మూడు వందల రోజులు తలుపులు తెరవడం అన్న లెక్క నుంచి బయటపడి, ఏ రుతువులో ఏ బొమ్మకు వెలుగు ఇస్తాం అని అడగడం మొదలుపెట్టాలి. నేను ఎవరినీ తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆ బొమ్మల మీద ప్రేమతో ఒక ఏడాదిని ఊహించి రాస్తున్నాను.

ముందుగా ఒక సంగతి. రామారావు వర్ధంతి ఫిబ్రవరి 6, జయంతి మార్చి 8. లీపు సంవత్సరం కాకపోతే, ఆ రెండు రోజులూ కలుపుకుని ముప్పై ఒక్క రోజులు. ఈ లెక్క తట్టిన రోజున నాకు నిద్ర పట్టలేదు. వాన్ జనవరిని ఎంచుకోవలసి వచ్చింది. రాజమండ్రికి నెలను చిత్రకారుడి జీవితమే ఎంచి పెట్టింది. గోదావరి మీద మంచు తగ్గి, ఎండ ఇంకా ముదరని రోజులు. గాలిలో వానాకాలమంత తేమ ఉండదు. నీటిరంగులన్నీ ఈ నెలలోనే బయటికి రావాలి. పోయిన రోజున మొదలుపెట్టి పుట్టిన రోజున ముగించాలి. రోజుకు ఎనిమిది గంటలు, 50 లక్స్ చొప్పున ముప్పై ఒక్క రోజులకు 12,400 లక్స్-గంటలు. అంతర్జాతీయ సంఘం గీసిన గీతకు లోపలే ఉన్నాం. ఉన్నవన్నీ ఒకే ఏడు పెట్టనక్కర్లేదు కూడా. వంద కాగితాలుంటే ఏడాదికి పాతిక తీస్తే నాలుగేళ్లకు ఒక వంతు తిరుగుతుంది.

ఎండలు మొదలయ్యాక తైలవర్ణాలు. వాటికి 200 లక్స్ దాకా ఇబ్బంది లేదు, సెలవులకు తాతగారి ఊళ్లకు వచ్చే పిల్లలు మసక వెలుగులో విసుగు చెందకుండా హాయిగా చూడొచ్చు. అప్పుడు నీటిరంగులు పెట్టెల్లో ఉంటాయి.

ఆషాఢం నుంచి గోదావరి ఎర్రనీళ్లతో దిగుతుంది, గాలంతా చెమ్మ. కాగితం చెమ్మ పీల్చి ఉబ్బుతుంది, అలలు తేలుతుంది. గాలిలో తేమ 65 శాతం దాటి చాలా రోజులు అలాగే ఉంటే బూజు పడుతుంది. వానలు తగ్గేదాకా కాగితానికి పెట్టే సురక్షితం. గోడల మీద మంచి నకళ్లు పెట్టొచ్చు, కూల్డ్రే మాస్టారి కథ చెప్పొచ్చు, పాత ఫొటోలు పెట్టొచ్చు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది రాజమండ్రి రేవుల్లో దిగుతారు. ఆ జనంలో కొందరైనా తడిబట్టలతో చిత్రశాలకు వస్తారు, రావాలి కూడా. వాళ్లకు రామారావు చూసిన గోదావరిని నిలువెత్తు నకళ్లతో చూపించి, ఇది నకలు, అసలు బొమ్మ ఫిబ్రవరిలో చూడొచ్చు అని పెద్దక్షరాలతో రాసి పెడితే ఎవరూ నొచ్చుకోరు. దాపరికం లేకుండా చెప్పిన మాటకు మన జనం ఎప్పుడూ మర్యాద ఇస్తారు.

దసరాకు సత్యవాణి, బుచ్చికృష్ణమ్మ. చిత్రకారుడి భార్య, చిత్రకారుడి చెల్లెలు అన్న మాటల వెనక ఆ ఇద్దరూ స్వయంగా చిత్రకారిణులన్న సంగతి మరుగున పడిపోయింది. నవరాత్రుల తొమ్మిది రోజులైనా ఆ గోడలు వాళ్లవి కావాలి.

ఇక కార్తీకం నుంచి సంక్రాంతి దాటి ఫిబ్రవరి దాకా నేను పెన్సిలు గీతలు పెట్టమంటాను. ఇందులో నాకు ఎక్కువ ఆశ ఉంది. పెన్సిలు ముక్కులో ఉండేది గ్రాఫైటు, అంటే బొగ్గు జాతి. వెలుగుకు అది వెలిసిపోదు. కాగితం పచ్చబడకుండా చూసుకుంటే చాలు. రామారావు ఎక్కడికి వెళ్లినా చేతిలో స్కెచ్ పుస్తకం ఉండేది. వాటిలో బిందె ఎత్తుకున్న చేయి, కూర్చున్న మనిషి వెన్ను, ఎద్దు మూపురం, ఒకే గీతలో పట్టుకున్నవి చూస్తే ఆ చేయి ఎంత తొందరలో ఉందో, ఎంత నిబ్బరంగా ఉందో తెలుస్తుంది. ఒక పుస్తకాన్ని గాజు పెట్టెలో తెరిచి పెట్టి, వారానికి ఒక పేజీ తిప్పాలి. కాలేజీ పిల్లలు ఈ వారం ఏ పేజీ అని అడుగుతూ రావాలి. మూడు నెలలు ఇలా గీతతో స్నేహం చేశాక ఫిబ్రవరి 6న తలుపు తీస్తే, అదే చేయి, అదే వెన్ను రంగులో ఎదురవుతాయి. ఇంత కాలం రంగు లేకుండా చూసిన కంటికి ఆ మొదటి రంగు ఎలా తగులుతుందో ఊహించుకుంటేనే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది న్యాయమైనది. నెల్లూరు నుంచో, నల్గొండ నుంచో చార్జీలు పెట్టుకుని ఆగస్టులో ఒకాయన వస్తాడు. చిన్నప్పుడు పాఠంలో చదివిన బొమ్మ చూడాలని వస్తాడు. అది పెట్టెలో ఉంది, ఫిబ్రవరిలో రండి అంటే ఆయన మొహం ఎలా ఉంటుంది? ఈ బాధను తేలిగ్గా తీసిపారేయను. పెద్ద మ్యూజియంలు దీనికి ఒక దారి పెట్టుకున్నాయి. లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ముందుగా చెప్పి వెళ్తే, గోడ మీద లేని బొమ్మను కూడా పెట్టె తెరిచి బల్ల మీద పెడతారు. గోడ మీద బొమ్మను పది అడుగుల దూరం నుంచి అర నిమిషం చూసి కదిలేవాళ్లం, బల్ల దగ్గర కూర్చుని గంటసేపు చూస్తాం. నెల్లూరు నుంచి వచ్చినాయనకు గోడ కన్నా బల్లే పెద్ద మర్యాద. ఏటా ఉగాదికి పంచాంగం వచ్చినట్టు చిత్రశాల కేలండరు కూడా రాబోయే ఏడాదికి ముందే వస్తే, ఎప్పుడు బయల్దేరాలో ఆయనే చూసుకుంటాడు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. బొమ్మలు మార్చడం అంటే ప్రతిసారీ కొత్త ఫ్రేములు కావాలని అనుకుంటాం. అక్కర్లేదు. కాగితాలన్నిటినీ రెండు మూడు కొలతల అట్టల్లో బిగిస్తే గోడ మీది ఫ్రేములు అవే ఉంటాయి, లోపలి బొమ్మ మారుతుంది. ఆ అట్టలను పడుకోబెట్టి దాచడానికి గట్టి మూత పెట్టెలున్నాయి. వాటిని కనిపెట్టిన మనిషి బొమ్మల వాడు కూడా కాదు. డేనియల్ సొలాండర్ అనే వృక్షశాస్త్రవేత్త, కెప్టెన్ కుక్‌తో ఓడెక్కి లోకం చుట్టి వచ్చినవాడు, బ్రిటిష్ మ్యూజియంలో పనిచేస్తూ పద్దెనిమిదో శతాబ్దంలో చేసిన పెట్టె ఇది. ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇవి కాక ఒక లక్స్ మీటరు, చెమ్మ కొలిచే చిన్న సాధనం, కిటికీలకు దళసరి తెరలు. ఏ ఊరి చిత్రశాలకైనా ఇవి అందని వస్తువులు కావు. అందవలసింది, ఏ బొమ్మ ఎన్ని గంటలు వెలుగులో ఉన్నదో ఓపికగా రాసుకునే ఒక మనిషి. అలాంటివాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. గుళ్లో నగల చిట్టా తరతరాలుగా రాసినవాళ్లు మనవాళ్లే.

మొదటి ఏడాది ఎక్కడ మొదలుపెట్టాలని ఎవరైనా నన్ను అడిగితే శివరాత్రి పేరు చెబుతాను. చాలా ఏళ్లు అది ఆ నెల రోజుల మధ్యలోనే వస్తుంది. 2027లో మార్చి 6న, అంటే రామారావు పుట్టినరోజుకు రెండు రోజుల ముందు. ఆ నాడు నందిపూజ బొమ్మ గోడ మీద ఉండాలి. జాగరణకు కోటిలింగాల రేవుకు, మార్కండేయస్వామి గుడికి వెళ్లి తిరిగి వచ్చే జనం కోసం ఆ ఒక్క రాత్రీ తలుపులు ఇంకో నాలుగు గంటలు తెరిచి ఉంచాలి. నాలుగు గంటలకు అదనంగా అయ్యే ఖర్చు 200 లక్స్-గంటలు. పన్నెండు వేల నాలుగు వందలకు కలిపినా, గీతకు ఇంకా చాలా దూరంలోనే ఉంటాం.